2 లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత ఫోర్ బై ఫోర్ కొనొచ్చా? తక్కువ బడ్జెట్‌లో కొనేవాళ్లు ఏ వరుసలో చూడాలి?

ఈ ఎపిసోడ్‌లో చాలామంది అడుగుతున్న టాపిక్ తీసుకున్నాం. పాత థార్, జిప్సీ, స్కార్పియో లాంటి బండ్లు. కొత్తది కొనే డబ్బు లేదు, చేతిలో ఉన్నది నాలుగైదు లక్షలో ఆరు లక్షలో. రీల్స్‌లో పెద్ద టైర్లు వేసిన జీప్ కనపడుతుంది, కింద "అర్జెంట్ సేల్, సింగిల్ ఓనర్" అని ఉంటుంది. మీటర్ చూస్తే లక్షా తొంభై వేలు. కొనాలా వద్దా?

ముందే ఒక మాట చెప్పేస్తా. మీటర్‌లో అంకె చూసి బండి వద్దనుకోకండి, అంకె చూసి కొనేయకండి కూడా. పాత ఆఫ్‌రోడ్ బండిలో మీరు డబ్బు పెట్టేది నాలుగింటి మీద: పేపర్లు, ఛాసిస్, ఫోర్ బై ఫోర్ సిస్టమ్, ఇంజిన్. చూడాల్సిన వరుస కూడా అదే. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి "అబ్బ, సౌండ్ బాగుందిరా" అంటారు, అడ్వాన్స్ ఇచ్చేస్తారు, పేపర్లు చివర్లో చూస్తారు. ఇంజిన్ పాడైతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. పేపర్ పాడైతే ఏ మెకానిక్కూ బాగు చేయలేడు.

అసలు మీకు ఫోర్ బై ఫోర్ కావాలా?

మీ పని ఏంటో ముందు తేల్చుకోండి. ఊరి మట్టిరోడ్డు, పొలం గట్టు, ఎప్పుడన్నా లంబసింగి ట్రిప్పు. ఇంతే అయితే గ్రౌండ్ క్లియరెన్స్ బాగున్న టూ వీల్ డ్రైవ్ బొలెరో చాలు. స్పేర్లు ప్రతి టౌన్‌లో దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా ఆ బండి తెలుసు.

బురద, ఇసుక, వాగు దాటడం, ఏజెన్సీలో రాళ్ల ఎత్తులు. ఇవి నెలనెలా ఉంటేనే ఫోర్ బై ఫోర్‌కి అర్థం ఉంటుంది. ఎందుకంటే ఫోర్ బై ఫోర్ అంటే ఇంకో గేర్ పెట్టె, ఇంకో డిఫరెన్షియల్, ఇంకో ప్రొపెల్లర్ షాఫ్ట్. ప్రతిదానికీ ఆయిల్, సీలు, బేరింగు ఉంటాయి. వాడినా వాడకపోయినా వాటి ఖర్చు మీదే.

ఇంకో జాగ్రత్త. పేరు చూసి ఫోర్ బై ఫోర్ అనుకోవద్దు. మన రోడ్ల మీద కనపడే స్కార్పియోల్లో, బొలెరోల్లో ఎక్కువ శాతం టూ వీల్ డ్రైవే. 2010లో వచ్చిన మొదటి తరం థార్‌లో కూడా డీఐ ఇంజిన్ మోడల్ టూ వీల్ డ్రైవ్‌లో దొరికేది. అదే థార్‌లో సీఆర్‌డీఈ ఇంజిన్ ఉన్నది వేరు, అది 105 హార్స్‌పవర్ ఫోర్ బై ఫోర్. ఫొటోలో రెండూ ఒకేలా కనపడతాయి. బండి కింద ముందు వైపుకి కూడా ఒక షాఫ్ట్ వెళ్తోందా లేదా, వంగి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

డబ్బు లెక్క: మొత్తం బండికే పెట్టకండి

మీ దగ్గర 6 లక్షలు ఉన్నాయనుకుందాం. 6 లక్షల బండి చూడొద్దు. 4 నుంచి 4.25 లక్షల్లో దొరికే బండి చూడండి. మిగతా దాదాపు మూడో వంతు మొదటి ఏడాది ఖర్చుకి పక్కన పెట్టాలి. అందులో టైర్లు, బ్యాటరీ, అన్ని ఆయిల్స్, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, ఇన్సూరెన్స్, ఆర్సీ ట్రాన్స్‌ఫర్ ఉంటాయి. వేరే రాష్ట్రం బండి అయితే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా కలుస్తుంది.

"నాకు మూడో వంతు మిగలదు బ్రో, మొత్తం పెడితేనే బండి వస్తుంది" అంటే, నిజంగా చెప్తున్నా, ఇంకో ఆరు నెలలు ఆగండి. షెడ్డులో నిలబడిపోయిన ఫోర్ బై ఫోర్ కంటే రోజూ నడిచే సెకండ్‌హ్యాండ్ బైక్ నయం. అప్పు చేసి కొనేవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. బండి పనిచేసినా చేయకపోయినా ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది.

మొదటి పరీక్ష: పేపర్లు

బండి చూడ్డానికి బస్సెక్కకముందే ఆర్సీ ఫొటో అడగండి. అందులో ఏం చూడాలి?

ఒకటి, పేరు. అమ్మేవాడి పేరు ఆర్సీలో ఉందా? "ఓనర్ దుబాయ్‌లో ఉన్నాడన్నా, సంతకాలు పెట్టిన ఫారాలు నా దగ్గరున్నాయి" అంటే ఆగండి. ఫారం 29, 30 మీద ఎప్పుడో పెట్టిన సంతకాలతో బండి చేతులు మారుతూ ఉంటుంది. మధ్యలో ఎవరి పేరు మీదా ఎక్కదు. తర్వాత మీకు ట్రాన్స్‌ఫర్ కాకపోతే పట్టుకోవడానికి మనిషి దొరకడు. ఆర్సీ ఓనర్‌తో నేరుగా మాట్లాడాలి, ఆయన ఆధార్‌తో పోల్చుకోవాలి.

రెండు, ఫైనాన్స్. ఆర్సీలో హైపోథికేషన్ అని బ్యాంకు పేరు ఉంటే లోన్ తీరిందో లేదో అడగండి. తీరితే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. అవి చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు.

మూడు, వయసు. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5 వేలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన బండ్లకి ఆ తర్వాత ఇంకా పెంచారు. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్. అంటే 14 ఏళ్ల బండి తక్కువకి వస్తోందంటే వచ్చే ఏడాది ఖర్చు మీ నెత్తిన పడుతుందని లెక్కేసుకోండి.

నాలుగు, ఢిల్లీ బండ్లు. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద గ్రీన్ ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. దాంతో అక్కడి డీజిల్ ఎస్‌యూవీలు చవగ్గా బయటికొచ్చాయి, హైదరాబాద్ మార్కెట్‌కి కూడా వచ్చాయి. వాటిలో మంచివి లేవని కాదు. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. ఇవన్నీ కలిపాక కూడా చవగ్గా ఉందా అన్నది చూడాలి. హైదరాబాద్‌లో కొని విజయవాడ తీసుకెళ్లినా రాష్ట్రం మారినట్టే, ఇదే తతంగం ఉంటుంది.

ఐదు, మాడిఫికేషన్. ఇక్కడే కుర్రాళ్లు ఎక్కువ దెబ్బతింటున్నారు. హర్యానాలోని మండీ డబ్వాలీలో పాత జీపుల్ని కొత్తగా తయారు చేసి అమ్ముతారు, ఆ వీడియోలు మీరు చూసే ఉంటారు. చూడ్డానికి అదిరిపోతాయి. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ముందు పెట్టే ఇనుప బుల్ బార్‌లు కూడా 2017 డిసెంబర్ నుంచి నిషేధమే. ఆర్సీలో ఒక ఇంజిన్ నంబర్, బండిలో వేరే ఇంజిన్ ఉంటే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతారు. పెద్ద ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇదే గొడవ వస్తుంది. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ రెండూ మీ కళ్లతో చూసి ఆర్సీతో అంకె అంకె పోల్చుకోండి.

ఆర్మీ వేలంలో వచ్చిన జిప్సీ అంటే చాలామందికి మోజు. దానికి వేలం పత్రాలు ఉండి, ఇప్పటికే సివిల్ నంబర్ వచ్చి ఉంటేనే ముట్టుకోండి. "నంబర్ మీరే తెచ్చుకోవచ్చు, ఈజీ" అన్న మాట నమ్మి డబ్బు పెట్టొద్దు. అంత ఈజీ అయితే వాళ్లే తెచ్చి ఎక్కువకి అమ్మేవాళ్లు కదా!

రెండో పరీక్ష: బండి కింద పడుకోండి

ఈ బండ్లన్నీ ఛాసిస్ మీద బాడీ పెట్టి బిగించిన రకం. బాడీ చొట్టపోతే టింకరింగ్ చేయించొచ్చు, డోర్ మార్చొచ్చు. ఛాసిస్ మాత్రం బండికి వెన్నెముక. దాని మీద కొట్టిన నంబరే బండికి గుర్తింపు. అది తుప్పు పట్టి తినేసిందంటే ఇక బండి లేనట్టే.

పాత దుప్పటి ఒకటి తీసుకెళ్లండి. కింద పరుచుకుని టార్చ్‌తో చూడండి. కమాన్ పట్టీలు బిగించిన చోట్లు, వెనక చక్రాల పైభాగం, బాడీ మౌంటింగులు, సైలెన్సర్ దగ్గర. పైపైన ఎర్రగా కనపడే తుప్పుకి భయపడక్కర్లేదు, పదేళ్ల బండికి అది మామూలే. స్క్రూడ్రైవర్ వెనక భాగంతో మెల్లగా కొట్టి చూడండి. గట్టి ఇనుముకి ఖణేల్‌మని మోగుతుంది. బొద్దుగా మోగినా పొరలు రాలినా లోపల తినేసినట్టే. అతుకు పెట్టి వెల్డింగ్ చేసిన చోట్లు ఎందుకు చేశారో అడగండి. కిందంతా నిన్ననే కొట్టినట్టు నల్ల కోటింగ్ ఉంటే సంతోషపడకండి, ఏం దాస్తున్నారో చూడండి.

బండి ఎక్కడ తిరిగిందో కూడా అడగాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరం వైపు బండ్లకి ఉప్పుగాలి, బీచ్ ఇసుక. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగినవాటికి ఉప్పునీళ్లు. మొదటి తరం థార్‌కి ఫ్లోర్, డోర్ అంచులు, ముందు అద్దం ఫ్రేము దగ్గర తుప్పు రావడం అందరికీ తెలిసిన జబ్బే. మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడకుండా థార్ కొనొద్దు.

వరద బండ్ల సంగతి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలా మునిగిన బండ్లు కడిగి, ఆరబెట్టి, మార్కెట్లోకి వస్తాయి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ కింద వైరింగ్ సాకెట్లలో పచ్చటి తుప్పు, సీటు బోల్టులకి తుప్పు, మాగిన వాసన. ఇందులో రెండు కనపడినా వచ్చిన దారిన వెళ్లిపోండి.

మూడో పరీక్ష: ఫోర్ బై ఫోర్ నిజంగా పనిచేస్తోందా?

లివర్ పడింది, డ్యాష్‌బోర్డ్‌లో లైట్ వెలిగింది, "చూశావా అన్నా, పని చేస్తోంది" అంటాడు. లైట్ వెలిగితే చాలదు, ముందు చక్రాలు లాగాలి.

ఇక్కడ కొంచెం మెకానిజం అర్థం చేసుకోండి. ఈ పాత బండ్లలో ఉండేది పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్. 2హెచ్‌లో వెనక చక్రాలే తిరుగుతాయి. 4హెచ్‌లో పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్ట్‌ని, వెనక షాఫ్ట్‌ని ఒకే స్పీడ్‌కి కట్టేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం పోవాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారదు. ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్ట్ జాయింట్ల మీద పడుతుంది. అందుకే తారురోడ్డు మీద 4హెచ్‌లో తిప్పి చూపించమని అడగొద్దు, వాళ్లు తిప్పుతుంటే ఆపండి. అలా ఏళ్ల తరబడి తిప్పిన బండి అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ పని అయిపోయినట్టే.

సరైన పరీక్ష మట్టి లేదా కంకర ఎత్తు మీద. 4హెచ్ వేసి మెల్లగా ఎక్కించండి. మీ ఫ్రెండ్‌ని పక్కన, కాస్త దూరంగా నిలబెట్టండి. ముందు చక్రం కూడా మట్టి విసురుతోందా చూడమనండి. చాలా మహీంద్రా ఫోర్ బై ఫోర్‌లలో ముందు హబ్‌లు వ్యాక్యూమ్‌తో లాక్ అవుతాయి. సన్నటి రబ్బరు ట్యూబ్ పగిలి గాలి లీకైతే లివర్ పడుతుంది, లైట్ వెలుగుతుంది, చక్రం మాత్రం లాగదు. ట్యూబ్ మారిస్తే పోయే సమస్య అయితే పర్లేదు, హబ్ పోతే ఖర్చు. అందుకే కొందరు చేత్తో తిప్పే మాన్యువల్ హబ్‌లు వేయించుకుంటారు.

తర్వాత బండి ఆపి 4ఎల్. మొదటి గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలితే డీజిల్ బండి నత్తలా ఎత్తు ఎక్కాలి. లివర్ తనంతట తాను బయటికి వచ్చేస్తే, గరగర శబ్దం వస్తే లోపల పని ఉన్నట్టు.

చివరిగా, మెకానిక్‌తో రెండు డిఫరెన్షియల్‌ల ఆయిల్ బోల్టు విప్పించి వేలితో చూడమనండి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే వాగు నీళ్లు లోపలికి వెళ్లినట్టే.

నాలుగో పరీక్ష: ఇంజిన్

"మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే పొద్దున స్టార్ట్ అవ్వడానికి ఏదో ఇబ్బంది ఉందని అనుమానించొచ్చు.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ గుప్పుగుప్పుమంటే కూలెంట్ కాలుతోందేమో, హెడ్ గాస్కెట్ పని పడొచ్చు. నల్ల పొగ అంటే డీజిల్ సరిగా కాలట్లేదు, ఇంజెక్టర్లు, టర్బో, ఎయిర్ ఫిల్టర్ చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కొంచెం ఆవిరి మామూలే. పొగ గొట్టంలా ఊదుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి, బోర్ పని దగ్గర్లోనే ఉంది. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, లోపల ఆయిల్ తెట్టు ఉండకూడదు.

మరి కిలోమీటర్ల సంగతి?

ఇప్పుడు మీటర్ చూడండి. కాటికి జలపాతం దగ్గర టూరిస్టుల్ని ఎక్కించుకుని తిరిగే జీపులు చూశారా? అవి రోజుకి తిరిగేది కొన్ని కిలోమీటర్లే. కానీ అన్నీ రాళ్ల మీద, చిన్న గేర్లలో, నిండా జనంతో. అలాంటి బండి 60 వేలు తిరిగినా క్లచ్, సస్పెన్షన్ అలిసిపోయి ఉంటాయి. హైవే మీద టైముకి ఆయిల్ మార్చుకుంటూ 2 లక్షలు తిరిగిన స్కార్పియో దానికంటే చాలా నయం కావొచ్చు.

మీటర్ తిప్పడం కూడా కష్టమేం కాదు. పెద్ద టైర్లు వేసిన బండి మీటర్ తిప్పకుండానే తక్కువ చూపిస్తుంది. ఎందుకంటే పెద్ద చక్రం అంతే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది. అందుకే అంకెని వేరే ఆధారాలతో పోల్చాలి. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల, డ్రైవర్ సీటు నొక్కుడు చూడండి. టైర్ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఓనర్ చేతే పాత సర్వీస్ రికార్డు అడిగించండి. మూడేళ్ల కింద లక్షా యాభై వేలు రాసి ఉండి, ఇప్పుడు మీటర్ 90 వేలు చూపిస్తే ఇక మాట్లాడేదేం లేదు. మీటర్ విషయంలో అబద్ధం చెప్పినవాడు మిగతావి నిజం చెప్తాడా?

ఏ బండి ఎవరికి?

జిప్సీ: 1985లో వచ్చింది, 1996 నుంచి 1.3 లీటర్ ఇంజిన్. తేలిక బండి, పెట్రోల్, అన్నీ ఫోర్ బై ఫోరే. బురదలో దానికి తిరుగులేదు. కానీ నాలుగు వైపులా కమాన్ పట్టీలు, నడుము విరిగే రైడ్. మైలేజ్ ఆశించొద్దు. ఫ్యామిలీ అంతటికీ అదొక్కటే బండి అంటే ఇంట్లోవాళ్లు ఎక్కరు. కొంటే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్చేయండి.

మొదటి తరం థార్ సీఆర్‌డీఈ: వారాంతం ట్రిప్పులకి, పొలం పనికి. 2015 తర్వాత మోడల్‌లో వెనక డిఫరెన్షియల్‌కి లాక్ వచ్చింది, బురదలో అది పెద్ద తేడా. ఏసీ, సౌకర్యం విషయంలో పెద్ద ఆశలు వద్దు. తుప్పు తప్పకుండా చూడాలి.

స్కార్పియో ఫోర్ బై ఫోర్: ఇంటిల్లిపాదికీ ఒకే బండి కావాలంటే ఇది. దొరకడమే కష్టం. ఓపికగా వెతకాలి.

బేరం, ఆ తర్వాత

మీ వెంట వచ్చే మెకానిక్ మీరు తీసుకెళ్లిన మనిషే అయి ఉండాలి, అమ్మేవాడు చూపించినవాడు కాదు. అతని ఒక రోజు కూలి ఇచ్చేయండి, అది వృథా ఖర్చు కాదు. కనపడిన ప్రతి లోపాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, దాని రిపేర్ ఖర్చు పక్కన రాయండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రెండు షాపుల్లో అడిగితే అంచనా వచ్చేస్తుంది. "రేటు తగ్గించన్నా" అని బతిమాలేకంటే ఆ లిస్ట్ ముందు పెట్టి మాట్లాడితే ఎదుటివాడు కూడా సమాధానం చెప్పాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, డెలివరీ తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఈ-చలాన్‌లు ఎన్ని ఉన్నాయో ఆన్‌లైన్‌లో చూసి కట్టించండి.

కొన్నాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని అప్లై చేయాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషితో పోతుంది, బండితో రాదు. ఆర్సీ ట్రాన్స్‌ఫర్ కూడా 30 రోజుల్లోపే పెట్టేయండి.

ఆ తర్వాత ట్రిప్‌కి కాదు, నేరుగా షెడ్డుకి వెళ్లండి. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియల్‌లు, వీటన్నిటి ఆయిల్స్ మార్చండి. కూలెంట్, బ్రేక్ ఆయిల్, బెల్టులు, రబ్బరు గొట్టాలు కూడా. లైట్లు, లిఫ్ట్ కిట్లు తర్వాత చూసుకోవచ్చు, బ్రేకులు ముందు. నెల రోజులు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి. జబ్బులన్నీ బయటపడనివ్వండి. అవి మెకానిక్‌కి అందే దూరంలో బయటపడాలి, వంజంగి ఘాట్ మధ్యలో రాత్రిపూట కాదు.

ఈ నాలుగు పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా బండి వదిలేయండి. పాత బండ్లు ఇంకా వస్తూనే ఉంటాయి. మీ ఆరు లక్షలు మాత్రం మళ్లీ పోగవ్వడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఎపిసోడ్ సేవ్ చేసుకుని, బండి చూడ్డానికి వెళ్లేముందు ఒకసారి చదువుకోండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి, ఉంటా!